తుమ్మితే ఎగిరిపోయే సరుకు

నేను రేడియో పనిలో చేరింది 1970లో, పదిహేడో ఏట. తెనాలి బోస్ రోడ్డుకి దగ్గర్లో ఒక సందులో మా గురువుగారి షాపు. మొదటి ఆర్నెల్లూ స్క్రూడ్రైవరు తప్ప ఇంకేమీ ముట్టనివ్వలేదు. రేడియో వెనక అట్ట విప్పడం, లోపలి దుమ్ము బ్రష్షుతో దులపడం, గాజు బల్బుల్లాంటి వాల్వుల వెచ్చదనానికి చేరిన బొద్దింకల్ని వెళ్లగొట్టడం, ఇంతే పని. ఇప్పుడు నాకు డెబ్భై రెండు. సొంత షాపు పెట్టుకుని, దాన్ని మా అబ్బాయికి అప్పగించి కూడా పన్నెండేళ్లయింది. వాడిది సెల్‌ఫోన్ల రిపేరు. పొద్దున పదింటికి వెళ్లి ఓ మూల స్టూలు మీద కూర్చుని చూస్తుంటాను. వాడి దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లిద్దరు ఏదో అడుగుతుంటారు, నేనేదో చెబుతుంటాను. ఆ మాటలే ఇవి. అంకెలు వేసింది మా కోడలు. వరస కుదరకపోతే ఆవిడ తప్పు కాదు, నా వాగుడే అలాంటిది.

1. వస్తువు చిన్నదయ్యే కొద్దీ అది మనల్ని కొట్టడం మానేస్తుంది. మనమే దాన్ని కొడతాం.

వాల్వు రేడియోలో హెచ్.టి., అంటే హై టెన్షన్, అని ఉంటుంది, 250 వోల్టుల దాకా డీసీ. ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కండెన్సర్‌లో అది నక్కి కూర్చుంటుంది. తెలియక చెయ్యి పెడితే భుజం దాకా జివ్వున లాగేస్తుంది. గురువుగారు నేర్పిన మొదటి సూత్రం: కుడిచెయ్యి సెట్టులో ఉంటే ఎడమచెయ్యి జేబులో ఉండాలి. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. నేను లుంగీ మనిషిని, జేబెక్కడిది? వీపు వెనక పెట్టుకునేవాణ్ణి. ఈ రోజుకీ ఏదైనా విప్పుతుంటే నా ఎడమచెయ్యి దానంతట అదే వెనక్కి పోతుంది. మా మనవరాలు చూసి నవ్వుతుంది.

తర్వాత ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది. నాలుగు టార్చి సెల్లులు, 6 వోల్టులు. ఇప్పటి ఫోన్లో ప్రాసెసర్ అసలు భాగం నడిచేది ఒక్క వోల్టు లోపు. షాక్ కొట్టే ముచ్చటే లేదు.

కానీ కథ తిరగబడింది. 1980ల మధ్యలో మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి అయిదు ఐసీలు, అంటే చిప్పులు, తెచ్చాను. కాళ్లు ఒక నల్లటి స్పాంజిలో గుచ్చి ఇచ్చాడు కొట్టువాడు. ఇదేదో పాకింగ్ సామాను అనుకుని స్పాంజి పారేసి, అందంగా ఉంటుందని తెల్లటి థర్మోకోల్ ముక్కలో గుచ్చి పెట్టుకున్నాను. అయిదుకి అయిదూ చచ్చాయి. కొట్టువాడు డూప్లికేట్ సరుకు అంటగట్టాడని రైలెక్కి పోట్లాటకి వెళ్లాను. అతను నా చేతిలోని థర్మోకోల్ చూసి కడుపుబ్బ నవ్వాడు. ఆ నల్ల స్పాంజి కరెంటుని పారనిచ్చేది, అన్ని కాళ్లనీ కలిపి ఉంచుతుంది. థర్మోకోల్ అయితే రుద్దుకుంటే చాలు, స్టాటిక్ కరెంటు పుట్టిస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్లెం పట్టుకుంటే ఒక్కోసారి చిటుక్కుమంటుందే, అదే. మనకి చిటుక్కుమని తెలియాలంటేనే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. వంద వోల్టులకే ప్రాణం విడిచే చిప్పులున్నాయి. అంటే మనకి తెలియకుండానే వాటిని చంపుతాం. మా అబ్బాయి మణికట్టుకి ఎర్తింగ్ పట్టీ కట్టుకునేది ఇందుకే. వాల్వు రోజుల్లో నన్ను నేను కాపాడుకోవడానికి చెయ్యి వెనక్కి పెట్టాను. ఇప్పుడు నానుంచి చిప్పుని కాపాడటానికి చేతికి సంకెల.

ఆ కొట్టువాడు నాకు టీ ఇప్పించి, కొత్త ఐసీలు సగం ధరకిచ్చి పంపాడు. వాటిని దారంతా స్పాంజితో సహా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

2. గొప్పతనం సైజు తగ్గడంలో లేదు, వేడి తగ్గడంలో ఉంది.

ఈఎల్84 అని ఒక వాల్వు. రేడియోలో చివరి దశలో ఉండి స్పీకర్‌ని మోగించేది. దాని ఫిలమెంటు ఎర్రబడటానికే 4.8 వాట్లు తినేది. పాటకి కాదు, ఉత్తి వెచ్చబడటానికి. మొదట్లో ఫోన్లతో ఇచ్చిన బుల్లి చార్జర్ మొత్తం ఇచ్చేది 5 వాట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఒక్క వాల్వుకి పొయ్యి రాజేసే ఖర్చుతో ఫోను మొత్తం చార్జి అయ్యేది. ఇక ఫోన్లో ట్రాన్సిస్టర్లు ఎన్ని? నేను పని నేర్చుకుంటున్న 1971లో ఇంటెల్ వాళ్లు తెచ్చిన 4004 చిప్పులో 2,300. 2023లో ఐఫోన్‌లో పెట్టిన ఏ17 ప్రో చిప్పులో 1,900 కోట్లు.

ట్రాన్సిస్టర్ చిన్నదైతే దాన్ని ఆన్ చెయ్యడానికి నింపాల్సిన కరెంటు తగ్గుతుంది, వోల్టేజీ తగ్గించవచ్చు, వేడి తగ్గుతుంది, కాబట్టి పక్కపక్కనే ఇంకా ఇరికించవచ్చు. కొన్ని దశాబ్దాలు ఈ లెక్క మీదే బండి నడిచింది. అయితే మంచినీళ్ల కుండ గోడ మరీ పల్చబడితే ఏమవుతుంది? చెమ్మ బయటికొస్తుంది. 2000 తర్వాత అదే జరిగింది. ట్రాన్సిస్టర్ లోపల కరెంటుని ఆపాల్సిన ఇన్సులేషన్ పొర 1.2 నానోమీటర్లకి వచ్చింది, సుమారు అయిదు పరమాణువుల మందం. అంత పల్చటి గోడని ఎలక్ట్రాన్లు దూరి వచ్చేస్తాయి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా లీకేజీ. 2007లో ఇంటెల్ ఆ పొర మార్చి హాఫ్నియం కలిసిన పదార్థం వేసింది. అది మందంగా ఉన్నా పల్చటి దానిలాగే పని చేస్తుంది. కుమ్మరి కుండ సైజు మార్చకుండా మట్టి మార్చాడన్నమాట.

3. పెట్టె మీద రాసిన అంకెని నమ్మొద్దు.

మా వీధి అమ్మాయి హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసే కంపెనీలో పని చేస్తుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాను, "అమ్మా, 3 నానోమీటర్ల చిప్ అంటున్నారు గదా, అందులో 3 ఉండేది ఏదీ?" అని. "ఏదీ ఉండదు తాతగారూ. అది పేరు, అంతే" అంది. ఆ చిప్పులో ఒక ట్రాన్సిస్టర్ గేటుకీ పక్క గేటుకీ మధ్య దూరం 45, 50 నానోమీటర్ల దాకా ఉంటుందట. ఒకప్పుడు ఆ అంకె నిజంగా కొలిచిన అంకే. పోను పోను తరం మారిందని చెప్పడానికి పెట్టుకునే పేరైపోయింది.

"అయితే పీఎంపీవో అన్నమాట" అన్నాను. ఆ పిల్లకి తెలియలేదు. తెలిసిన వాళ్లు ఇది చదువుతూ నవ్వుకుంటూనే ఉంటారు. 1990లలో టేప్‌రికార్డర్ల మీద 500 వాట్ల పీఎంపీవో, 1,000 వాట్ల పీఎంపీవో అని మెరిసే స్టిక్కర్లు ఉండేవి. విప్పి చూస్తే లోపల పది వాట్లు కూడా ఇవ్వలేని ట్రాన్స్‌ఫార్మర్. కొన్నవాడు అడిగితే ఏం చెప్పాలో తెలియక మేం నీళ్లు నమిలేవాళ్లం.

ఇక నానో సిమ్ సంగతి. దాని పొడవు 12.3 మిల్లీమీటర్లు. అంటే కోటీ ఇరవై మూడు లక్షల నానోమీటర్లు! ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, మా ఊళ్లో అయితే ఏనుగుకి చిట్టి అని పేరు పెట్టినట్టే అంటారు.

4. నానోమీటరు అంటే ఎంతో తెలియాలంటే గోరు చూసుకో.

మీటరులో వంద కోట్లో వంతు అని పుస్తకంలో రాస్తారు. అది ఎవరికీ ఎక్కదు. వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు అంటే కొంచెం ఎక్కుతుంది. నాకు నచ్చిన లెక్క ఇది: మన చేతి గోరు సెకనుకి ఇంచుమించు ఒక నానోమీటరు పెరుగుతుంది. ఈ వాక్యం చదివేలోపు నాలుగైదు పెరిగింది.

5. చేతిపని పోలేదు. చెయ్యి మారింది.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను చాలాకాలం దీన్ని తప్పుగా అనుకున్నాను.

వాల్వు రేడియోలో ప్రతి భాగాన్నీ వేళ్లతో పట్టుకోవచ్చు. రెసిస్టరు మీద రంగు గీతలు, కండెన్సర్ మీద అంకెలు. ఏది ఎంతో అదే చెప్పేది. ఇప్పుడు ఫోన్ బోర్డు మీద ఉండే బుల్లి కండెన్సర్ 0.4 మిల్లీమీటర్ల పొడవు, 0.2 వెడల్పు. ఆవగింజ దీని పక్కన గుమ్మడికాయ. బొంబాయి రవ్వ పలుకు కూడా దీనికన్నా పెద్దదే. దాని ఒంటి మీద అంకె రాయడానికి చోటు లేదు. కాబట్టి అది ఎవరో, విలువెంతో, దాని ముఖం చూసి చెప్పలేం. సర్క్యూట్ డయాగ్రం చూడాలి. బల్ల మీద పెట్టి తుమ్మితే మళ్లీ దొరకదు. మా షాపులో ఫ్యాన్ స్విచ్‌కి టేపు అంటించి ఉంటుంది, బోర్డు విప్పి ఉండగా ఎవరూ వెయ్యకుండా. మే నెలలో ఆ నరకం చూడాలి.

మా అబ్బాయి మైక్రోస్కోపు కొన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. డాక్టరు దుకాణమా ఇది, అన్నాను. మెకానిక్ అంటే చెవితో పని చేసేవాడని నా లెక్క. హమ్మింగ్ వింటే ఫిల్టర్ కండెన్సర్ పోయిందని, గరగర వింటే వాల్యూమ్ కంట్రోల్ అరిగిందని వీధిలో ఉండగానే చెప్పేవాణ్ణి. డెడ్ ఫోను ఏ శబ్దమూ చెయ్యదు. నా విద్య దాని ముందు మూగబోయింది.

అలా ఉండగా ఒక రోజు వాడొక షార్ట్ పట్టుకుంటున్నాడు. బోర్డు మీద వందల కండెన్సర్లు, అందులో ఏదో ఒకటి లోపల కలిసిపోయి సప్లై మొత్తాన్ని మింగేస్తోంది. ఏదో తెలియదు. వాడేం చేశాడంటే, సోల్డరింగ్ ఐరన్ మొనని రోజిన్ ముద్దలో గుచ్చి, వచ్చిన పొగని బోర్డు మీదికి పట్టాడు. బోర్డంతా తెల్లగా బూడిద పట్టినట్టయింది. తర్వాత పవర్ సప్లై నుంచి సన్నగా వోల్టేజీ ఇచ్చాడు. షార్టయిన కండెన్సర్ ఒక్కటే వేడెక్కింది, దాని మీద తెల్లదనం కరిగి నల్లగా బయటపడింది. తీసేశాడు. ఫోను వెలిగింది. నేను స్టూలు మీంచి లేచి వెళ్లి ఆ ముద్ద వాసన చూశాను. చూడటానికి గుగ్గిలంలా ఉండే అదే రోజిన్. 1970లో గురువుగారి షాపులో నా చొక్కాకి పట్టిన వాసన.

అప్పటి నుంచి మైక్రోస్కోపుని ఏమీ అనలేదు.

పెద్ద శాస్త్రవేత్తల్లోనూ ఇలాంటి తమాషా ఒకటి జరిగింది. 1959 డిసెంబరులో అమెరికాలో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక ఉపన్యాసంలో, అడుగున ఇంకా బోలెడు చోటు ఉంది, పరమాణువుల స్థాయిలో వస్తువులు చెయ్యవచ్చు అని చెప్పాడు. నానోటెక్నాలజీ అనే మాట అప్పటికి లేదు. జపాన్ ఆయన నోరియో తానిగుచి 1974లో దాన్ని పుట్టించాడు. ఫైన్‌మన్ ఒక పందెం కూడా కాశాడు: అంగుళంలో అరవై నాలుగో వంతు కన్నా పెద్దది కాని మోటారు చేసినవాడికి వెయ్యి డాలర్లు. ఎవడో కొత్త విద్య కనిపెడతాడని ఆయన ఆశ. ఏడాది తిరక్కుండా విలియం మెక్లెల్లన్ అనే ఇంజనీరు మైక్రోస్కోపు కింద పెట్టి, చిమటాలతో, పళ్లు కుట్టుకునే పుల్లలతో ఆ మోటారు చేసి తీసుకొచ్చాడు. ఫైన్‌మన్‌కి కొత్త విద్య దొరకలేదు గానీ డబ్బు ఇవ్వక తప్పలేదు. అంగుళంలో అరవై నాలుగో వంతు అంటే 0.4 మిల్లీమీటర్లు. పైన చెప్పిన కండెన్సర్ పొడవు ఇంచుమించు అదే. అప్పట్లో వెయ్యి డాలర్ల పందెం కాసిన సైజుని మా షాపు కుర్రాడు నెల జీతానికి రోజూ చిమటాతో పట్టుకుంటున్నాడు. వాడికి ఈ సంగతి చెప్పాను. "అయితే జీతం పెంచమని చెప్పండి తాతగారూ" అన్నాడు.

చిప్పు లోపలి గీతల దగ్గరికి వస్తే మాత్రం ఏ చెయ్యీ పనికిరాదు. అక్కడ వెలుతురే ఉలి. ఇప్పటి అత్యాధునిక చిప్పులకి 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి కావాలి. దాన్ని పుట్టించడానికి కరిగించిన తగరం బొట్లని సెకనుకి 50,000 చొప్పున వదులుతూ, ప్రతి బొట్టునీ లేజర్‌తో కొడతారు. ఆ యంత్రాలు తయారుచేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే. నేను జీవితమంతా కరిగించిన సోల్డరులోనూ 60 పాళ్లు తగరమే, మిగతాది సీసం. ఎక్కడో చుట్టరికం ఉంది లెండి.

6. కొన్ని చిన్నవి కావు. వాటితో వాదించి లాభం లేదు.

లోతైన గొంతు రావాలంటే స్పీకరు బోలెడంత గాలిని కదిలించాలి. ఘంటసాల గొంతు ఎనిమిదంగుళాల స్పీకర్లోంచి, టేకు పెట్టెలోంచి విన్నవాడికి ఫోన్లో అదే పాట వినిపిస్తే, ఆయనకి జలుబు చేసిందేమో అనుకుంటాడు. చిప్పు ఎంత తెలివైనదైనా గాలిని మోసం చెయ్యలేదు.

ఏరియల్ కూడా అంతే. విజయవాడ రేడియో కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. ఆ తరంగం పొడవు 358 మీటర్లు. దాన్ని పట్టడానికి డాబా మీద రాగితీగ కట్టేవాళ్లం, లేదంటే సెట్టులో ఫెరైట్ రాడ్డు ఉండాలి. ఫోన్లో ఏరియల్ కనిపించకుండా పోయిందంటే విద్య ఒక్కటే కారణం కాదు, తరంగమే పొట్టిది. 1,800 మెగాహెర్ట్జ్ దగ్గర అది జానెడు లోపే. ఫోన్లో ఎఫ్ఎం వినాలంటే ఇయర్‌ఫోన్ గుచ్చమని ఎందుకంటుందో చాలామందికి తెలియదు. ఆ వైరే ఏరియల్.

అన్నిటికన్నా మొండిది బ్యాటరీ. 1991లో సోనీ మొదటి లిథియం అయాన్ బ్యాటరీ అమ్మకానికి తెచ్చింది. అప్పటి నుంచి అదే బరువులో పట్టే శక్తి మూడింతలు అయిందేమో. ట్రాన్సిస్టర్ల లెక్క ఈలోపు వేల రెట్లు పెరిగింది. ఫోను విప్పి చూడండి, చోటులో సింహభాగం బ్యాటరీదే. ఫోను పెద్దదిగా ఉందంటే అది దాని తెలివికి కాదు, దాని ఆకలికి. ఇంకోటి మన బొటనవేలు. అదీ చిన్నది కాలేదు.

7. చిన్నదనం ఎవరికి కావాలో వాళ్లనే అడగాలి.

మా నాన్నకి చెవులు వినపడేవి కావు. ఆయనకి జేబులో పెట్టుకునే చెవిటి మిషన్ ఉండేది, అగ్గిపెట్టె కన్నా పెద్దది. అక్కడి నుంచి చెవి దాకా వైరు. పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు తీసి ఇంట్లో పెట్టేసేవాడు. నలుగురిలో చెవిటివాడని తెలియడం కన్నా వినపడకపోవడమే నయం అనుకునేవాడు. ఆ వైరు ఆర్నెల్లకోసారి తెగేది, నేనే అతికేవాణ్ణి.

ట్రాన్సిస్టర్ మొదట జనం చేతికి వచ్చింది రేడియోగా అనుకుంటారు అందరూ. కాదు, 1952 చివర్లో అమెరికాలో చెవిటి మిషన్‌గా వచ్చింది. దాన్ని కనిపెట్టిన బెల్ లాబ్స్ కంపెనీ, చెవిటి మిషన్లు చేసేవాళ్ల దగ్గర రాయల్టీ కూడా తీసుకోలేదు. కంపెనీకి పేరిచ్చిన గ్రాహం బెల్ చెవిటి పిల్లలకి చదువు చెప్పిన మనిషి, ఆయన మీద గౌరవంతో.

ఇప్పుడు నా ఎడమ చెవిలో ఒకటి ఉంది. శనగగింజంత. మూడేళ్లుగా పెట్టుకుంటున్నా మా వియ్యంకుడికి ఇంకా తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది. పెళ్లిలో కూర్చుని సన్నాయి వింటున్నాను. మా నాన్న మిషన్‌ని నేను వందసార్లు విప్పాను. నాదాన్ని ఒక్కసారి కూడా విప్పలేను. పోతే పారేసి కొత్తది కొనాలి. అయినా మా నాన్నకి ఈ రెండింట్లో ఏది కావాలో ఎంచుకోమంటే క్షణం ఆలోచించడు. మెకానిక్‌గా నా బాధ నాది. కొడుకుగా నా ఓటు ఈ శనగగింజకే.

8. వస్తువు ధర తగ్గింది, రిపేరు ధర పెరిగింది.

మొన్న వేసవిలో ఒక టీచరమ్మ ఫోను తెచ్చింది. ఒక సర్వీస్ సెంటర్లో చూపిస్తే బోర్డు మార్చాలన్నారట. వాళ్లు చెప్పిన డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్త ఫోనే వస్తుంది. మా వాడు రోజిన్ పొగ పట్టాడు. పోయింది ఒక్క కండెన్సర్, రూపాయి విలువ చెయ్యదు. దాన్ని పట్టుకోవడానికి గంటన్నర పట్టింది, అయిదు వందలు తీసుకున్నాం. ఆవిడ "రూపాయి సామానుకి అయిదు వందలా బాబూ" అంది. ఆవిడ మాటా సబబే, మేం తీసుకున్నదీ సబబే. రేడియో రోజుల్లో సామాను ఖరీదు, చెయ్యి చవక. ఇప్పుడు చెయ్యే ఖరీదు.

బోర్డు మార్చమని చెప్పినవాణ్ణి దొంగ అనను. వాడికి అలాగే నేర్పారు. నేను తప్పుపట్టేది విప్పడానికి వీల్లేకుండా మూత జిగురుతో అతికించినవాణ్ణి. బ్యాటరీ మార్చుకోవడానికి కూడా హీటర్ మీద పెట్టి మూత ఊడబెరకాలా? ఇందులో సైజు తగ్గించిన గొప్పతనం ఏమీ లేదు. నాలుగు స్క్రూలకి చోటు ఎప్పుడూ ఉంటుంది.

9. ఇది పాఠం కాదు, ఒక పని.

మీ బీరువాలోనో, టీవీ కింద సొరుగులోనో పాత ఫోను ఒకటి పడి ఉంటుంది. ఇవాళే తీసి చూడండి. వెనక మూత ఉబ్బి ఉంటే దాన్ని నొక్కకండి, గుచ్చకండి, ఒకసారి చూద్దామని చార్జింగ్ పెట్టకండి, చెత్తబండిలో అసలు వెయ్యకండి. లోపలి లిథియం బ్యాటరీ మంటెత్తుకుంటే నీళ్లు చల్లినా ఒక పట్టాన ఆరదు. దగ్గర్లో ఏ సెల్ షాపుకైనా తీసుకెళ్లి ఇచ్చేయండి. తెనాలి వాళ్లైతే మా షాపుకి తెండి. ఆదివారం సెలవు.